చెక్కని మూత

మా తమ్ముడి కర్మలు అయిపోయిన మర్నాడు నేను న్యూజెర్సీ పార్సిప్పనీలో వాడి గరాజ్‌కి వెళ్ళి పనిబల్ల సర్దాను. సర్దకుండా ఉండాల్సింది.

బల్ల మీద అట్టముక్కలు చాలా ఉన్నాయి. ఒక్కో అట్ట మీద పెన్సిల్‌తో ఏదో ఆకారం గీసి, చిన్న చిన్న చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఒక్కో స్క్రూ గుచ్చి ఉంది. నాకవి చెత్తలా కనిపించాయి. స్క్రూలన్నీ పీకి, కడిగి ఆరబెట్టిన ఒక కాఫీ సీసాలో పోశాను. సీసా మీద ‘స్క్రూలు’ అని రాసిన కాగితం అంటించాను. అట్టముక్కలు రీసైక్లింగ్ డబ్బాలో వేశాను. ఇరవై ఏడేళ్ళు లైబ్రరీలో పనిచేసినదాన్ని. ఒకే రకం వస్తువులు ఒకచోట ఉంటే నాకు కొంచెం ఊపిరి ఆడుతుంది. ఆ రోజు నాకు కావలసింది అదే.

వాడు పగలు మందుల ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే కంపెనీలో విడిభాగాలు చేసేవాడు. సాయంత్రాలూ, శనాదివారాలూ ఈ గరాజ్‌లో వేరే పని. వేటగాళ్ళు ప్రత్యేకంగా చేయించుకునే రైఫిళ్ళకి ఉక్కు సామాను చేసేవాడు. అంటే గొట్టం కాదు, గుర్రం కాదు, పేల్చే భాగాలేవీ కాదు. భుజానికి ఆనించే చోట బిగించే పలక, తోలు పట్టీ తగిలించే కొక్కెం, చేతిపిడి అడుగున వేసే బిళ్ళ, ఇలాంటివి. కొలతల కోసం కర్ర భాగం మాత్రం వాడి దగ్గరికి వచ్చేది. పూర్తి తుపాకి ఎప్పుడూ రాలేదు. దాన్ని ఉంచుకోవడానికి లైసెన్స్ కావాలి, వాడు తీసుకోలేదు. “నాకు తుపాకి అక్కర్లేదక్కా, దాని నగలు చాలు,” అనేవాడు.

ఆ మాట నాకు నచ్చేది కాదు. వాడికి తెలుసు కనుకే అనేవాడు.

పోయినేడాది వేసవిలో ఒక ఆదివారం పిస్కాటవేలో మా ఇంటికి భోజనానికి వచ్చి, జేబు రుమాల్లోంచి ఒక ఉక్కు వస్తువు తీసి నా కంచం పక్కన పెట్టాడు. బొటనవేలంత ఉంది.

“ఏంటో చెప్పు.”

“మామిడి పిందె.”

“హమ్మయ్య! చేయించుకున్న ఒహాయో ఆయన పియర్ పండనుకుంటున్నాడు. చాలా మంచి పియర్ అన్నాడు. నేనూ థాంక్యూ అన్నాను.”

“ఎక్కడ పెడతారు దీన్ని?”

“తూటా ఎక్కించడానికి ఒక కాడ వెనక్కి లాగి ముందుకి తోస్తారు. ఆ కాడకి పిడి. మామూలుగా గుండ్రంగా గోళీలా ఉంటుంది. ఇది అరచేతిలో ఎలా ఇముడుతుందో చూడు.”

నేను ముట్టుకోలేదు. “అంటే జింకని చంపే ముందు మామిడి పిందె పట్టుకుంటారన్నమాట.”

“పట్టుకుంటారు. ఆవకాయకి ముక్కలు కొట్టేటప్పుడు నువ్వు కత్తి పట్టుకోవూ?”

“నా కత్తికి నేను నగలు పెట్టను.”

“నువ్వు దేనికీ పెట్టవు. నీ పెళ్ళి ఫొటోలో కూడా ఎవరో బలవంతంగా కూర్చోబెట్టినట్టుంటావు.”

ఇద్దరం నవ్వాం. అక్కడితో ఆగిపోతే బాగుండేది. నేను ఆగలేదు. “చంపే వస్తువుని అందంగా చేస్తే చంపడం కూడా అందంగా కనిపిస్తుంది. నువ్వు చేస్తున్నది అదే,” అన్నాను. అది నేను అప్పటికప్పుడు అన్న మాట కాదు. చాలా రోజులుగా నాలో నేను సరిచూసుకుని, ఒక్క పదం కూడా ఎక్కువ లేకుండా సిద్ధం చేసుకున్న మాట. వాడు పిందెని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పెరుగు వేసుకుని, “మజ్జిగ మిరపకాయలున్నాయా?” అని అడిగాడు. ఆ తర్వాత ఏదీ తెచ్చి చూపించలేదు. రెండుసార్లు ఫోన్లో మాత్రం, “గరాజ్‌కి రాక్కా, ఒకటి చేస్తున్నాను, చూద్దువుగాని,” అన్నాడు. వస్తాలే అన్నాను. వెళ్ళలేదు. చలికాలం చివర ఒక మంగళవారం, పనిలో ఉండగానే వాడి గుండె ఆగిపోయింది. పెళ్ళి చేసుకోలేదు వాడు. మా ఆయన పోయాక ఇక్కడ వాడికి నేను, నాకు వాడు.

కర్మలయ్యాక నాకు మొదట ఫోన్ చేసింది ఒక డాక్టరు. వాడి స్నేహితుడు, వాడి వయసే, నన్ను వాడిలాగే అక్కా అంటాడు. నరాల డాక్టరు. చదువయ్యాక వీసా కోసం కొన్నేళ్ళు మోంటానాలో ఒక చిన్న ఊళ్ళో పనిచేయాల్సి వచ్చిందట. సాయంత్రాలు చేసేదేమీ లేక పేషెంట్ల వెంట వేటకి వెళ్ళడం మొదలుపెట్టాడు. న్యూజెర్సీ వచ్చినా మానలేదు. ఏటా ఆకులు రాలే కాలంలో ఎల్క్ అనే పెద్ద దుప్పుల కోసం మళ్ళీ ఆ కొండలకి వెళ్తాడు. మా తమ్ముడు ఆఖరిగా చేస్తున్న సామాను ఇతని రైఫిల్‌కే.

అందులో ప్రత్యేకమైనది చేతిపిడి అడుగున వేసే బిళ్ళ. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. అది వట్టి బిళ్ళ కాదు, మూత ఉన్న చిన్న బరిణె. గురి చూసే చోట ఉండే పూస ఊడితే మళ్ళీ పెట్టుకోవడానికి ఇంకో పూస అందులో దాచుకుంటారు. ఆ మూత మీద మా తమ్ముడు యాళి ముఖం చెక్కుతానన్నాడు. గుడి స్తంభాల మీద సింహం ముఖంతో, ఏనుగు తొండంతో, గుడ్లురుముతూ ఉంటుందే, అది. తొండం చివర వేలితో నొక్కితే మూత తెరుచుకోవాలి. అమెరికాలో ఏ రైఫిల్‌కీ ఇలాంటిది ఉండదని డాక్టరు నాతో సంబరంగా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు.

“అక్కా, నేనొకటి డిసైడ్ చేశాను. యాళి వద్దు. ఆ మూత మీద వాడి ముఖం చెక్కిద్దాం. మోంటానాలో ఒకామె ఉంది, ఫొటో ఇస్తే అచ్చుగుద్దినట్టు చెక్కుతుంది. కింద పేరు కూడా.”

“తుపాకి మీదా?”

“నేనెక్కడికెళ్తే అక్కడికొస్తాడు. కొండ మీద, మంచులో, నా చేతి కింద ఉంటాడు.”

“చేతి కింద ఉంటే ముఖం కనిపించదు కదా డాక్టర్ గారూ.”

“నాకు తెలుస్తుంది కదక్కా.”

సంతాప సభలో విన్న మాటలన్నీ నాకు గుర్తొచ్చాయి. స్క్రీన్ మీద చిన్న చిన్న చతురస్రాల్లో కూర్చుని ఒక్కొక్కరూ వాణ్ణి వజ్రమనీ, ధ్రువతారనీ అన్నారు. వాడు వజ్రం కాదు. ఉప్పు ఎక్కువ తినేవాడు, ఫోన్ ఎత్తేవాడు కాదు, పాత టీషర్టులు పారేసేవాడు కాదు. ఇప్పుడు వాడి ముఖం ఉక్కు మీద, ఒక జంతువు వైపు గురిపెట్టే చేతి కింద. నేను వద్దనలేదు, సరే అనలేదు. సామాను బిగించాల్సిన పెద్దాయన దగ్గరికి శనివారం నేనే తీసుకెళ్తానన్నాను. తనూ వస్తానన్నాడు డాక్టరు.

పెద్దాయన ఉండేది పెన్సిల్వేనియాలో, మా ఇంటికి రెండు గంటల దూరం. కర్ర చెక్కేదీ, తుపాకి పూర్తిచేసేదీ ఆయనే. అమెరికన్, ఎనభై దాటాయి. ఇంటి వెనక కొట్టంలో పని. లోపల వాల్‌నట్ చెక్కపొడి, అవిసె నూనె కలిసిన వాసన. నేను ముందుగా చేరాను. ఆయన నా చేతులు రెండూ పట్టుకుని ఒక్క మాటే అన్నాడు, “మంచి పనివాడు.” సంతాప సభ మొత్తంలో నాకు అంత సరైన మాట వినిపించలేదు.

నేను దుప్పటిలో చుట్టి తెచ్చిన కర్రనీ, గుడ్డమూటలోని ఉక్కు సామానునీ బల్ల మీద పరిచాడు. “స్క్రూలు?” అన్నాడు.

కాఫీ సీసా ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని సీసా మీది తెలుగు కాగితం చూశాడు.

“ఏం రాశారు ఇక్కడ?”

“స్క్రూలు అని.”

ఆయన సీసాని వెలుతురులో తిప్పి చూశాడు. “ఇన్నేళ్ళలో ఈ పని ఇంకొక్కరే చేశారు. మా ఆవిడ. ఆ రాత్రి నేను భోజనం చేయలేదు,” అన్నాడు.

ఎందుకో అప్పుడు చెప్పాడు. మంచి రైఫిల్ మీద స్క్రూ తలల్లోని గాడులన్నీ ఒకే వైపు, గొట్టం వెంట నిలువుగా చూడాలట. అది ఊరికే రాదు. స్క్రూ తల ముందు పొడుగ్గా ఉంచుతారు. ఇక తిరగదు అన్నంత వరకూ బిగిస్తారు. గాడి ఎటు పడాలో గీత పెడతారు. తీసి, గాడి కోసి, మళ్ళీ బిగించి, తలని ఆకురాయితో చుట్టూ ఉన్న ఉక్కుతో సమానంగా రాస్తారు. కాబట్టి ప్రతి స్క్రూకీ ఒక్కటే చిల్లు. పక్క చిల్లులో పెడితే పడుతుంది కానీ గాడి పక్కకి చూస్తుంది. అట్టముక్కలు అందుకే.

“అందం కోసమా?” అన్నాను.

“కొంత. గాడి కాస్త పక్కకి తిరిగిందంటే స్క్రూ వదులైందని కొండ మీద నిలబడి కూడా తెలుస్తుంది. అందుకు కూడా.”

ఒక వస్తువు మీద అక్కర్లేనిదేదో నేను చూడగానే చెప్పగలనని చాలా ఏళ్ళుగా నమ్ముతూ వచ్చాను.

సీసాలో ముప్పై పైగా ఉన్నాయి, మూడు నాలుగు పనుల స్క్రూలు కలిసిపోయి. డాక్టరు రైఫిల్‌కి కావలసినవి తొమ్మిది. ఆయన నాకొక భూతద్దం, ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టాడు. చిల్లులో పెట్టి, తిప్పి, ఆగినచోట గాడి ఎటు చూస్తోందో చూడాలి. కాకపోతే తీసి పక్కన పెట్టాలి. మొదటి గంటలో ఒక్కటీ కుదరలేదు. నా చేతి చెమటకి తుప్పు పడుతుందని ఆయన మాటిమాటికీ గుడ్డ అందించాడు. భుజం పలకకి కింది స్క్రూ మొదట దొరికింది. తిరుగుతూ తిరుగుతూ వచ్చి, గాడి గొట్టం గీత మీదికి చేరి ఆగిపోయింది. ఇంకొక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. వాడి చెయ్యి సరిగ్గా అక్కడే ఆగింది. పన్నెండు రోజుల మంత్రాల్లో రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. పెద్దాయన లేచి వెళ్ళి కాఫీ పెట్టాడు.

మధ్యాహ్నానికి ఏడు దొరికాయి. బరిణె బిళ్ళ దగ్గరికి వచ్చాం. ఆయన మూతని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, “ఇదేంటి, కాల్చేశాడు!” అన్నాడు.

మూత నునుపుగా ఉంది. దాని మీద నీలం, గోధుమ, ఎండుగడ్డి రంగులు మబ్బుల్లా కలిసిపోయి ఉన్నాయి. ఎముకల బొగ్గులో పెట్టి ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్ళలో వేస్తే ఉక్కు పైపొర గాజంత గట్టిపడుతుంది, ఈ రంగులూ వస్తాయి అని చెప్పాడాయన. చెక్కేదేదైనా దానికి ముందే చెక్కాలి. తర్వాత ఉలి దిగదు. “అంటే దీని పని ఇంతటితో అయిపోయిందని అనుకున్నాడు. యాళి వద్దనుకున్నాడు.”

నాకు సంతోషం కలిగింది. ఇది దాచకుండా రాయాలి. నా మాట విన్నాడనుకున్నాను. రాక్కా చూద్దువుగాని అని పిలిచింది ఈ చెక్కని మూత చూపించడానికే అనుకున్నాను. వాడు పోయాక మొదటిసారి మేమిద్దరం ఒక విషయంలో ఒక్కటయ్యామని కూడా అనిపించింది.

డాక్టరు వచ్చేసరికి రెండయింది. ఫొటో ఒకటి కవర్లో పెట్టి తెచ్చాడు, వాడు నయాగరా దగ్గర తడిసిన జుట్టుతో నవ్వుతున్నది. నేను నిలబడే చెప్పాను. “ముఖం వద్దు డాక్టర్ గారూ. ఏదీ వద్దు. వాడే వద్దనుకున్నాడు. చూడండి, కావాలనే కాల్చి ముగించాడు.”

డాక్టరు మూతని తీసుకుని బొటనవేలితో చాలాసేపు రాస్తూ నిలబడ్డాడు.

“కావాలని కాదక్కా.”

“మరి?”

“చెయ్యి వణుకుతోంది వాడికి. కుడిచెయ్యి. పోయినేడాది దసరా నుంచి. మా ఇంట్లో టీ తాగుతుంటే నేనే చూశాను. టెస్టులు చేయించాను. ప్రాణానికి ప్రమాదమేం లేదు, గుండెకీ దానికీ సంబంధం కూడా లేదు. కానీ ఉలి పట్టుకోలేడు. ఆకురాయి పట్టగలడు, బిగించగలడు, సన్న గీత చెక్కలేడు.”

పెద్దాయనకి ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాడు. ఆయన మెల్లిగా సొరుగు లాగి అరచేతంత ఉక్కు పలక ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అసలు దాని మీద చెక్కే ముందు ఇలాంటి పలక మీద చెక్కి చూసుకుంటారట. జనవరిలో మా తమ్ముడే ఏమీ రాయకుండా పంపాడట. యాళి ముఖం సగం ఉంది. ఎడమ కన్ను, జూలు, తొండం మొదలు, అన్నీ తెగువగా, సన్నగా ఉన్నాయి. కుడి కన్ను దగ్గర ఉలి జారి పలక అంచు దాకా గీత పడింది. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి. జారిన ప్రతిసారీ మళ్ళీ మొదలుపెట్టినట్టున్నాడు.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

డాక్టరు పెద్దాయన వైపు చూశాడు, నా వైపు చూడలేదు. “చెప్పొద్దన్నాడక్కా.”

“ఎందుకని?”

“వదిలేయండక్కా ఇప్పుడు.”

“ఎందుకని అడిగాను.”

“‘మా అక్క సంతోషిస్తుంది రా’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడక్కా. ఒట్టు, నవ్వుతూనే.”

కొట్టం బయట ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు. అది ఆ చివరికి వెళ్ళి తిరిగి వచ్చింది. నేను సంతోషించి అప్పటికి రెండు గంటలైంది.

తర్వాత జరిగింది నా నిర్ణయమే. దానికి ఎవరినీ కారణమని చెప్పను. గుడ్డమూటలో మడతపెట్టిన పల్చటి కాగితం మీద యాళి బొమ్మ ఉంది, మూతకి సరిపోయే కొలతలో, ప్రతి వెంట్రుకా గీసి. దాన్ని తీసి డాక్టరు ముందు పెట్టాను.

“ఇది చెక్కించండి. మోంటానా ఆమెతోనే.”

“మరి ముఖం...”

“వాడు తన ముఖం ఎక్కడా గీసుకోలేదు. ఇది గీశాడు. ఇదే కావాలనుకున్నాడు, చెయ్యి సాగలేదు.”

“మీకు ఇష్టం లేదు కదక్కా ఇలాంటివి.”

“లేదు. ఇప్పటికీ లేదు.”

డాక్టరు కవరుని తిరిగి జేబులో పెట్టుకున్నాడు. మడత పడకుండా జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

పెద్దాయనకి మా మాటలు అర్థం కాకపోయినా సంగతి తెలిసింది. కొత్త మూత చేద్దామా అని అడిగాడు డాక్టరు. కొత్తది ఆ కీలుకి ఇలా అతకదు, అది తన చేతకాదు అన్నాడాయన. ఈ మూతనే మళ్ళీ కాల్చి నెమ్మదిగా చల్లారిస్తే పైపొర మెత్తబడుతుంది, అప్పుడు ఉలి దిగుతుంది. “కానీ ఈ రంగులు పోతాయి. చెక్కాక ఇంకొకరు మళ్ళీ కాల్చినా ఇవే రావు. ప్రతిసారీ వేరేగా వస్తాయి. అతను తన చేత్తో పూర్తిచేసిన ఆఖరి వస్తువు ఇదే అమ్మా. మీరు చెయ్యమంటేనే చేస్తాను.”

వాడు చెయ్యలేక వదిలేశాడా, వదిలేశాక దాన్ని చూసి బాగుందనుకున్నాడా? గరాజ్‌కి రమ్మని పిలిచింది యాళి చూపించడానికా, ఉత్త మూత చూపించడానికా, వణికే చెయ్యి చూపించడానికా? నేను వెళ్ళి ఉంటే తెలిసేది. వెళ్ళలేదు కాబట్టి ఆ కొట్టంలో నిలబడి ఊహించాల్సి వచ్చింది.

“చెయ్యండి,” అన్నాను.

చిన్న కొలిమిలో పెట్టాడు. తలుపు మూసే ముందు కాసేపు తెరిచి ఉంచాడు, నేను చూస్తానేమోనని. చూశాను. గడ్డిరంగు ముందు పోయింది. తర్వాత గోధుమరంగు. నీలం కాస్త ఎక్కువసేపు నిలబడి, అదీ పోయి, మూత మొత్తం ఒకే రకం మట్టిరంగుకి తిరిగింది. డాక్టరు బయటికి వెళ్ళిపోయాడు.

అది చల్లారేదాకా మిగిలిన రెండు స్క్రూల కోసం కూర్చున్నాను. ఒకటి దొరికింది. రెండోది దొరకలేదు. రీసైక్లింగ్ డబ్బాలో అట్టతోపాటే పోయి ఉంటుంది. పెద్దాయన కొత్తది చేస్తానన్నాడు.

మూత మోంటానా వెళ్ళి నాలుగు నెలలైంది. ఆమె దగ్గర పని చాలా ఉందట. డాక్టరు ఆదివారాలు ఫోన్ చేస్తాడు. ఈ ఏడు పాత రైఫిల్‌తోనే వేటకి వెళ్తానన్నాడు. వెళ్ళొద్దని నేను చెప్పలేదు, వెళ్ళి రమ్మనీ చెప్పలేదు. మూత రాగానే బిగించక ముందే నాకు చూపించమని మాత్రం అడిగాను. తనే ఇంటికి తెస్తానన్నాడు. యాళి కుడి కన్ను ఎలా ఉంటుందోనని రోజూ ఏదో ఒక వేళ అనుకుంటున్నాను. బాగుంటే ఏమనాలో నాకింకా తెలియలేదు.